బజర్ పీకేశాక కూడా మోగిన యూపీఎస్

2003లో నేను తిరుపతిలో యూపీఎస్‌లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి చేరిన మొదటి ఉద్యోగం అది. నా బండి పెట్టెలో ఉండేవి ఇవి: మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు, ఒక స్పేర్ బ్యాటరీ, చెక్కపలకకు బిగించిన బల్బుల వరస. ఆ బల్బులు వెలుగు కోసం కాదు. యూపీఎస్‌కు తగిలించి, అది ఎంత భారం మోయగలదో చూడడానికి. ఆ భారాన్నే లోడ్ అంటాం. కరెంటు పోయాక బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందో అది బ్యాకప్.

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న ప్రతిచోటా జనానికి బాగా తెలిసిన శబ్దం ఒకటుంది. కరెంటు పోగానే యూపీఎస్‌లోని బజర్ అనే చిన్న బిళ్ళ కుయ్ కుయ్ మంటుంది. అది వినగానే అందరూ ఒకే వరసలో నాలుగు పనులు చేసేవారు. చేస్తున్న పని సేవ్ చేయడం, కంప్యూటర్ ఆపడం, లేవడం, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోవడం. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండాకాలం కోతలు అందరికీ ఆ పాఠం నేర్పేశాయి.

తిరుచానూరు రోడ్డులో రెడ్డెప్ప అనే ఆయనకు ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆయన కంప్లైంట్ విచిత్రమైనది. కరెంటు ఉన్నప్పుడే యూపీఎస్ మోగుతోంది.

మొదటిసారి వెళ్ళి బ్యాటరీ మార్చాను. రెండోసారి వెళ్ళి ఇన్‌పుట్ వోల్టేజీ, ఎర్తింగ్, ఛార్జర్ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బల్బులు తగిలించి చూస్తే బ్యాకప్ కూడా బాగుంది. మూడోసారి పిలుపొచ్చేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తే దాన్ని మా భాషలో రిపీట్ కంప్లైంట్ అంటారు. సర్వీస్ ఇంజనీరుకు అంతకన్నా అవమానం లేదు.

"కరెంటు ఉండాది, ఫ్యాన్ తిరగతా ఉండాది, అయినా కుయ్యో కుయ్యో అంటా ఉండాది. నువ్వేం రిపేరు జేసినట్టప్పా?" అన్నాడు రెడ్డెప్ప. "పొద్దున ఒక టీచరమ్మ ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ అంతా టైపు జేసింది. ఇది మోగేసరికి బెదిరిపోయి, సేవ్ గూడా జెయ్యకుండా సిస్టం ఆపేసింది. మొత్తం పాయె. ఆయమ్మ మల్లా ఈ గుమ్మం తొక్కుతాదా?"

ఇక నాకు తోచింది ఒక్కటే. యూపీఎస్ మూత తీసి, బజర్ తీగలు రెండూ ఊడదీసి, బిళ్ళను బయటికి లాగి ఆయన చేతిలో పెట్టాను. "ఇంక ఇది మోగదు. ఎందుకు మోగుతోందో తీరిగ్గా కనిపెడతాను" అన్నాను.

ఆయన దాన్ని ముక్కుపుడకను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే, కుయ్ కుయ్ మంది.

ఇద్దరం ఆ బిళ్ళ వైపే చూశాం.

"దీన్ని పీకేసినావు గదప్పా! మల్లా యాడ మోగతా ఉండాది?"

చెవి పెట్టుకుని క్యాబిన్ల వెంబడి నడిచాను. చివరి క్యాబిన్‌లో ఒక డిగ్రీ కుర్రవాడు అప్పుడే కంప్యూటర్ ఆపేసి సంచి భుజాన వేసుకుంటున్నాడు. "కరెంటు పోయిందన్నా" అన్నాడు. అతని తల మీదే ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. పైకి చూపించాను. అతను ఫ్యాన్‌ను చూసి, ఆగిపోయిన స్క్రీన్‌ను చూసి, నాలుక కరుచుకున్నాడు. "అబ్బ! మల్లా మోసపోయినా. పోయింది గేములో కరెంటు అన్నా!"

'మల్లా' అన్నాడు చూడండి, అక్కడే నాకు ఆసక్తి పుట్టింది. ఇది ఆట అని తెలుసు, మోగేది ఆటలోనే అని తెలుసు, ఇదివరకు మోసపోయాడు కూడా. అయినా శబ్దం వినగానే చెయ్యి దానంతట అదే కంప్యూటర్ ఆపేసింది.

ఆట పేరు 'బ్యాకప్'. తయారుచేసింది దేవకుమార్. మధ్యాహ్నం నుంచి ఆ సెంటర్ కౌంటర్లో కూర్చునే కుర్రవాడు. కంప్యూటర్ కోర్సు చదివాడు, ఇంట్లో కంప్యూటర్ లేదు. మధ్యాహ్నాలు జనం పలచబడే వేళ ఆ చివరి కంప్యూటర్ మీద పనిచేసుకునేవాడు. నేను వెళ్ళినవన్నీ ఉదయాలే కాబట్టి అతన్ని అంతవరకూ చూడలేదు. ఆట ఎలా ఉందో చెప్పమని అతను తన స్నేహితులకు ఐకాన్ ఎక్కడుందో చూపించాడు. వాళ్ళు ఉదయాలు కూడా వచ్చి ఆడడం మొదలుపెట్టారు.

అతను వచ్చేదాకా అక్కడే ఆగాను. రాగానే రెడ్డెప్ప అందుకున్నాడు. "నా సిస్టములో నాకు తెలీకుండా దెయ్యాన్ని పెట్టినావంట గదా?"

"దెయ్యం కాదన్నా, ఏలియన్."

"ఏదైతేనేం, నా గిరాకీల్ని తరమతా ఉండాది. తీసెయ్ దాన్ని."

దేవకుమార్ ముఖం తెల్లబోయింది. అప్పుడు తెలిసింది సంగతి. చెన్నైలో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ వాళ్ళకు మెయిల్ రాస్తే, వచ్చి చూపించమన్నారట. అందుకు పదిహేను రోజులు కూడా లేవు. ఇంకా సగం పని మిగిలి ఉంది. ఈ కంప్యూటర్ కాకపోతే మరొకటి లేదు. వాళ్ళ నాయన చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. ఈ వేసవి నుంచి కొడుకును కూడా అక్కడే చేర్పించడానికి మాట్లాడి పెట్టాడు.

"ఆ కుయ్ మనేది లేకుండా చెయ్, ఉండనిస్తా" అన్నాడు రెడ్డెప్ప.

"అది తీసేస్తే ఆటే లేదన్నా."

రెడ్డెప్ప ఒక్కో క్యాబిన్‌లోకీ వెళ్ళి స్పీకర్లన్నీ పీకి, గోనెసంచిలో వేసి, అటక మీదికి విసిరేశాడు. పాట వినాలనుకునేవాళ్ళు ఇంటి నుంచి హెడ్‌ఫోన్ తెచ్చుకోవాలన్నాడు. "నీ ఆట ఉంటే ఉండనీ. దానికి నోరు మాత్రం ఉండకూడదు" అన్నాడు.

యూపీఎస్ బాగానే ఉంది కాబట్టి బజర్ బిగించేసి నేను వెళ్ళిపోవచ్చు. కానీ ఆ ఆట చూడాలనిపించింది. దేవకుమార్ తన హెడ్‌ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాడు.

అది ఫస్ట్ పర్సన్ షూటర్. అంటే, ఆడేవాడు స్క్రీన్ మీద తనను తాను చూసుకోడు. తన కళ్ళతోనే చూస్తాడు. తుపాకీ పట్టిన తన చెయ్యి మాత్రం కింద కనిపిస్తుంది. ఇందులో మనం అంతరిక్షంలో సూర్యుడికి చాలా దూరంగా పోతున్న ఒక సరుకుల ఓడలో నిద్రలేస్తాం. ఇంజన్ ఆగిపోయి ఉంటుంది. ఇంజన్ గదికి నడిచి వెళ్ళాలి. ఓడలో ఇంకేదో ఉంది. దానికి వెలుగు పడదు. చీకట్లోనే కదులుతుంది. మన వీపు మీద ఒకే ఒక్క బ్యాటరీ ఉంటుంది. టార్చి, తుపాకీ, తలుపుల తాళాలు, మూడూ దాని మీదే. అది అయిపోవస్తుంటే మోగేదే ఆ కుయ్ కుయ్. కాల్చిన ప్రతిసారీ వెలుగు తరుగుతుంది. ఛార్జ్ చేసుకోవాలంటే గోడకున్న ప్లగ్ దగ్గర, చీకటికి వీపు పెట్టి నిలబడాలి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక గేమ్ ఇంజన్‌ను తీసుకున్నాడు. గేమ్ ఇంజన్ అంటే బొమ్మను కదిలించే ప్రోగ్రాము. మిగిలిందంతా అతనిదే. ఆ ఓడలోని పైపులు, డబ్బాలు కదిలే బెల్టు, తడి నేల, ఆవిరి, అన్నీ వాళ్ళ నాయన పనిచేసే ఫ్యాక్టరీవే. సీజన్ అయిపోయాక ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి గదులు కొలుచుకొచ్చాడు. బాయిలర్ ఆవిరి వదిలే శబ్దాన్ని టేప్ రికార్డర్‌లో పట్టి, వేగం తగ్గించి, ఆ జీవికి గొంతుగా పెట్టాడు. దాని తల గుజ్జంతా తీసేసిన మామిడి టెంకలా ఉంటుంది. కళ్ళు లేవు. చుట్టూ తడి పీచు. పరాయి దేశపు ఆటల్లో ఎన్నో వింత జంతువుల్ని చూశాను గానీ, చేతి వేళ్ళకు ఆ జిగురు తగిలినట్టు అనిపించింది దీన్ని చూసినప్పుడే.

హెడ్‌ఫోన్ తీసి, "చాలా బాగుందబ్బా" అన్నాను.

"ఇంతకు ముందు బాగుండేదన్నా. చెన్నైకి పోయేలోగా పది మందితో ఆడించి చూడాల. అందరి దగ్గరా హెడ్‌ఫోన్ ఉండదు. స్పీకర్లు లేకుంటే బ్యాటరీ అయిపోతా ఉండాదని వాళ్ళకు ఎట్ల తెలస్తాది? స్క్రీన్ మూలన బ్యాటరీ ఎంతుందో చూపే గీత పెడితే అది లెక్క, భయం కాదు." మళ్ళీ అతనే అడిగాడు. "మీరు బజర్ పీకేసినారు గదా. అది లేకుండా బ్యాటరీ చచ్చిపోతా ఉండాదని మీకెట్ల తెలస్తాది?"

మంచి ప్రశ్న. నాకు తెలిసినవి వరసగా చెప్పాను. ఒకటి, బ్యాటరీ సమానంగా తగ్గదు. చాలాసేపు నిలకడగా ఉండి, చివర్లో కొండ అంచు నుంచి జారినట్టు పడిపోతుంది. ఆ గీతను డిశ్చార్జ్ కర్వ్ అంటాం. అతని ఆటలో మాత్రం కొవ్వొత్తిలా ఒకే తీరుగా తగ్గుతోంది. రెండు, లోడ్ పెరిగితే త్వరగా అయిపోతుంది. మూడు, లోడ్ తీసేసి కాసేపు వదిలేస్తే వోల్టేజీ కొద్దిగా పైకి లేస్తుంది. కోలుకుందనుకుని మళ్ళీ లోడ్ వేస్తే దబ్బున పడుతుంది. నాలుగు, వోల్టేజీ బాగా తగ్గినప్పుడు మన మానిటర్‌లో బొమ్మ పక్కల నుంచి కుంచించుకుపోయి వణుకుతుంది. పల్లెల్లో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే అది.

నాలుగోది విని తలూపి, మూడోదాన్ని మళ్ళీ చెప్పమన్నాడు.

"అంటే, టార్చి ఆపేసి చీకట్లో నిలబడితే కొంచెం తిరిగొస్తాదా?"

"కొంచెం."

"చీకట్లో ఆ జీవి ఉంటాది."

"ఉంటుంది."

"మల్లా టార్చి వేస్తే ఉంటాదో పోతాదో తెలీదు."

"తెలీదు."

అతని ముఖంలో నవ్వు మెల్లగా మొదలైంది. బ్యాటరీల కొలతలు చూసుకుంటూ ఆ మూడో సంగతిని నేను రోజూ వాడేవాణ్ణి. అందులో అంత భయం ఉందని నాకెప్పుడూ తోచలేదు. అతను ఒక్కసారి విని దాన్ని ఆటకు గుండెకాయ చేసేశాడు.

తర్వాతి వారం బజర్ బిగించే వంక పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. దేవకుమార్ రెడ్డెప్పను ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కొత్తగా మార్చిన ఆటను తనే ఆడి చూసి సరే అంటేనే ఉంచుతానని రెడ్డెప్ప అన్నాడట. దేవకుమార్ బాణాల మీటలు చూపించాడు. చప్పుడు లేదు. రెడ్డెప్ప గోడలకు గుద్దుకుంటూ, "దోవ యాడ ఉండాదిరా?" అంటూ నడిచాడు. ఆ జీవి కనిపించగానే, "ఏందిరా ఇది, చీకేసిన టెంక మాదిరి!" అని నవ్వి, తుపాకీ గుండ్లన్నీ గోడలకు సమర్పించాడు. టార్చి మందగించింది. స్క్రీన్ మీద బొమ్మ రెండు పక్కల నుంచీ సన్నబడి వణకసాగింది.

"ఇంజనీరూ! వోల్టేజీ పడిపోతా ఉండాది, సూడప్పా!" అని అరిచాడు.

"టార్చి ఆపన్నా, కోలుకుంటాది" అన్నాడు దేవకుమార్.

రెడ్డెప్ప ఆపాడు. స్క్రీన్ అంతా నలుపు. సెంటర్లో కీబోర్డుల టకటక తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు కనిపించింది. మళ్ళీ వెలిగించాడు. ఎదురుగా స్క్రీన్ నిండా టెంక తల. ఒక్క క్షణం. బ్యాటరీ దబ్బున పడిపోయి మళ్ళీ చీకటి.

కుర్చీ వెనక్కి పడింది. రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. పక్క క్యాబిన్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఎవరి టైపింగ్ వాళ్ళు చేసుకుంటున్నారు. ఆయన అది గమనించాడు. లుంగీ సర్దుకుని, "బెదిరింది నేనొక్కణ్ణే గదా. అయితే ఉండనీ" అన్నాడు. కౌంటర్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అయినా, ఆ ప్లగ్గు దగ్గర నిలబడుంటే సచ్చేవాణ్ణి కాదేమో" అన్నాడు.

చెన్నై వెళ్ళిన రోజు దేవకుమార్ మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎస్‌టీడీ బూత్ నుంచి, వెనకాల బస్సుల మోత.

"అన్నా, ఆడ సిస్టముకు స్పీకరే లేదన్నా. మీటింగు రూమంట. అంతా సైలెంటు."

"మరి?" అన్నాను.

"ఒక పెద్దాయన ఆడేదానికి కూర్చున్నాడు. బొమ్మ కుంచించుకపోయే కొద్దీ ముందుకు ఒంగినాడు. టార్చి ఆపినాడు. నేను చెప్పలేదన్నా, ఆయనే ఆపినాడు! మల్లా వేసినాడు. కుర్చీతో సహా ఎనక్కి పోయినాడు." నవ్వుతూనే ఉన్నాడు. "తర్వాత నాతో మాట్లాడాలని ఇంకొకాయన్ను పిలిచినారు. ఈయన మాత్రం లేయలేదు. ఇంకోసారి ఆడతానన్నాడు."

వాళ్ళు అతన్ని తీసుకున్నారు. ఆటల్లో గదులూ దారులూ కట్టే పని. దాన్ని లెవెల్ డిజైన్ అంటారు. 'బ్యాకప్'ను తర్వాత సొంతంగా పూర్తిచేసి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు.

ఆ కేసు నా పని పద్ధతిని మార్చింది. అంతవరకూ ఫిర్యాదు వస్తే ముందు మూత తీసేవాణ్ణి. ఇప్పుడు అక్కడ కూర్చునేవాళ్ళు ఏం విన్నారో, ఏం చూశారో, వినగానే ఏం చేశారో ముందు అడుగుతాను. మీటర్ ముల్లు యంత్రం సంగతి మాత్రమే చెబుతుంది. ఆ యంత్రం పక్కన రోజూ బతికే మనిషి చెయ్యి ఎప్పుడు ఎటు పోతుందో దేవకుమార్ కనిపెట్టాడు. నేను అన్నేళ్ళు అదే శబ్దం మధ్య తిరిగి, దాన్ని ఆపడం ఒక్కటే నేర్చుకున్నాను.