కిరాయి మోటరులో పెద్దమ్మ

సంగారెడ్డి కచేరి ముందు ఆగే కిరాయి మోటరులో ఎప్పుడు చూసినా ఒక ముసలమ్మ ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుని ఉండేది. పటాన్‌చెరు బడిలో పంతులుగా పనిచేసే నాకు, పొద్దుటి బస్సు తప్పితే ఆ మోటరే దిక్కు. నిండితే గానీ అది కదలదు.

"ఇంకొక్క సవారీ వస్తే పోతం, కూసో బిడ్డా," అనేది ఆమె. నమ్మి ఎక్కేవాణ్ని. తీరా ఆ ఒక్కడూ రాగానే, "అయ్యో, ఇంట్ల పొయ్యి ఆర్పుడు మరిచిన!" అంటూ మూటతో దిగిపోయేది. ఆమె చోటు నిండేదాకా మళ్లీ ఎదురుచూపే.

మూడోసారి పొయ్యి మరిచినప్పుడు తెలిసింది, ఆమె డ్రైవరు తల్లి అని. ఖాళీ బండి ఎవరూ ఎక్కరని కొడుకు ఆమెను కూర్చోబెట్టేవాడు.

హెడ్మాస్టరు చేత చీవాట్లు తిన్న మర్నాడు, ఒళ్లు మండి అందరి ముందూ అడిగేశాను: "ఏం పెద్దమ్మా, ఇయ్యాల గూడ పొయ్యి మరుస్తవా?"

ఆమె మూట సర్దుకుంటూ మెల్లగా అంది: "పటాన్‌చెరు ఎట్లుంటది బిడ్డా?"

రోజూ ఆ బండెక్కే మనిషి ఆ ఊరే చూడలేదట. నా కోపం ఎటు పోయిందో!

"ఇయ్యాల దిగకు పెద్దమ్మా. నేను సూపిస్త," అన్నాను.

అంతలో ఇద్దరు మనుషులు వచ్చారు, పోతే కలిసే పోతామన్నారు. చోటు ఒక్కటే ఉంది. ఆమె నా వైపు చూసింది. నేను లేవలేదు.

దిగి, కొంగుతో సీటు తుడిచి, "నేను దిగితేనే గద బిడ్డా, బండి కదిలేది," అంది.

ఆ రోజు గంట కొట్టకముందే బడికి చేరాను.