రెండు చెవులూ కనబడాలె

మౌలాలిలో ముప్పై ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసి స్టూడియో మూసేసిన దేవసహాయం, వానలు తగ్గగానే పొద్దున్నే కెమెరాతో పొలంగట్ల వెంబడి పిట్టల కోసం తిరుగుతాడు. పక్కకు చూసే పిట్టను ఛస్తే తియ్యడు. "సీదా చూడమ్మా, రెండు చెవులూ కనబడాలె" అని కొంగను బతిమాలితే అది ఎగిరిపోతుంది. ఐదేళ్లుగా ఆల్బం ఖాళీ. మొన్న బండ మీద, చెవుల్లాంటి రెండు కుచ్చులున్న గుడ్లగూబ తిన్నగా ఆయన కళ్లలోకే చూసింది. "గడ్డం జెర కిందికి" అంటే దించింది కూడా! వెంటనే క్లిక్‌మనిపించాడు. మర్నాడు ఎనిమిది కాపీలు నీటుగా కత్తిరించి, కవర్లో పెట్టి, ఆ బండ మీదే పెట్టొచ్చాడు.

"ఒక్కటన్న ఇంటికి తేవద్దా?" అంది భార్య జ్ఞానమణి.

దేవసహాయం నొచ్చుకున్నాడు. "కస్టమర్ ఫోటో మనమెట్ల ఉంచుకుంటం?"