పాల కేంద్రంలో కొలిచిన మందు

మొన్న సాయంత్రం మా పాల కేంద్రంలో పనిచేసే గౌరి తన కొడుకు మందు సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున పొడి ఉన్న సీసా అది. కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి ఊపేసరికి గదంతా నారింజ బిళ్ళల వాసన. పచ్చిపాల వాసన మధ్య ఆ దొంగ తీపి ముక్కుకి తగలగానే చేతిలో పని ఆపేశాను. పన్నెండేళ్ళ కిందట ఈ వాసన వస్తే నాకు భయమేసేది. ఇప్పుడు నవ్వొచ్చింది. ఆ భయం తీర్చిన మనిషి ఎస్తేరమ్మ గారు.

ఆవిడ మీకెవరికీ తెలియదు. నరసన్నపేట పక్కన మా ఊరి పాల కేంద్రానికి అప్పట్లో ఆవిడే పెద్ద. పొట్టి మనిషి, గంజి పెట్టిన ఖద్దరు చీర, మెళ్ళో తాడుకి కట్టిన కళ్ళద్దాలు. ఆదివారం కూడా పొద్దుటి పాలు తీసుకుని, కేన్లు బండెక్కించాకే చర్చికి వెళ్ళేవారు. నోరు మాత్రం పెద్దది. మా ఆయన లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉండేవాడు. ఇంట్లో నేను, మా అత్త అప్పలనరసమ్మ, మూడేళ్ళ మా చిట్టి. చేతిలో నాలుగు రూపాయలుంటాయని నేను కేంద్రంలో చేరాను.

చేరిన వారంలోనే నాకు అక్షింతలు పడ్డాయి. పాలలో వెన్న ఎంతుందో చూడడానికి అప్పుడు మిషన్లు లేవు, గీతలున్న గాజు గొట్టాలే. నేను గొట్టాన్ని బల్ల మీదే ఉంచి, నిలబడి పైనుంచి చూసి అంకె రాసేశాను. ఎస్తేరమ్మ గారు నా భుజం పట్టి కిందకి వంచారు.

"కంటికి సరిగ్గా పెట్టి సూడే. పైనుంచి సూస్తే ఒక లెక్క, కిందనుంచి సూస్తే ఇంకో లెక్క. ఏటి, నీకు ఒంగితే నడుం ఇరిగిపోతాదా? రాసే ముందు ఒంగు. పాపం ఆ రైతు గేదెకి గడ్డి కోసుకొచ్చి పెట్టినాడు."

ఉక్రోషం వచ్చింది కానీ వంగాను. వంగి చూస్తే నేను రాసింది తప్పే.

ఆ శీతాకాలం చిట్టికి జలుబు చేసి, జ్వరం వచ్చి, ఎడమ చెవిలోంచి చీము కారింది. శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెవిలోకి దీపం వేసి చూసి, పొద్దున ఐదు ఎమ్మెల్, సాయంత్రం ఐదు ఎమ్మెల్ పొయ్యమని నారింజ వాసన మందు రాశారు. "నిర్లక్ష్యం చేస్తే వినికిడికే ముప్పమ్మా" అన్నారు. ఆ మాట గునపంలా దిగింది నాలో. నాలుగో రోజుకి కూడా జ్వరం తగ్గలేదు. వెనకనుంచి పిలిస్తే చిట్టి తిరిగి చూడడం లేదు. ఆడుకుంటూ ఉండిపోయింది. నేను రెండోసారి పిలిచాను, మూడోసారి పిలిచాను. ఓరి భగవంతుడా, నా పిల్ల చెవిటిదైపోతోందా అని గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆ రోజు కేంద్రంలో రెండు గొట్టాలు పగలగొట్టాను. ఎస్తేరమ్మ గారు తిడతారనుకుంటే స్టూలు లాగి కూర్చోబెట్టారు. అంతా చెప్పాను. మందు పనిచెయ్యడం లేదు, రేపటి నుంచి రెండు చెంచాలు పోసేస్తానన్నాను.

"నీ ఇష్టమేటి పొయ్యడానికి? ముందు చెంచా ఏదో సూపించు."

సీసాతో వచ్చిన చిన్న మూతగిన్నె మా అత్త పాలు తోడుపెట్టడానికి వాడేసుకుంది. మేము మందు పోసేది పంచదార డబ్బాలో చెంచాతో. ఇంటికి పరుగెత్తి ఆ చెంచా తెచ్చాను. ఆవిడ దాన్నిండా నీళ్ళు నింపి నాలుగుసార్లు కొలగొట్టంలో పోశారు. నన్ను వంగి చూడమన్నారు. నాలుగైదులు ఇరవై ఎమ్మెల్ ఉండాలి. పద్నాలుగుంది.

అప్పుడే మా అత్త సాయంత్రం పాల తపేలా పట్టుకుని వచ్చింది. సాయంత్రం నేను కేంద్రంలో ఉంటాను కనక ఆ పూట మందు ఆవిడే పోస్తుంది. ఎస్తేరమ్మ గారు మామూలుగా అడిగినట్టే అడిగారు.

"అప్పలనర్సమ్మా, మీ సిట్టి గుంటకి మందెంత పోస్తన్నావు?"

"అరసెంచా అమ్మగోరూ. ఇంగిలీసు మందు వేడి గదా, పసిగుంట, పేగులు మాడిపోతాయి. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముక్కు నొక్కి పోసేస్తన్నాను. అందులో కూడా సగం ఉమ్మేస్తాది దొంగముండ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతుంటే ఎస్తేరమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నీ పాలలో వెన్న అర పాయింటు తక్కువ రాస్తే ఊరందరూ ఇనీలాగ నా మీద గొడవకొస్తావు. మరి గుంట మందులో సగం నువ్వు కోసీసినావు. గుంట ఎవరి మీద గొడవకెల్తాదే?"

మా అత్త తపేలా కింద పెట్టింది. మా ఊళ్ళో ఆవిడ గేదె పాలకి ఎదురు లేదు. ఆ వెన్న అంకె కోసం కలెక్టరుతోనైనా దెబ్బలాడే మనిషి. అలాంటిది వంగి ఆ గొట్టంలో నీళ్ళ గీత చూసింది. "ఓలమ్మో, నానేటి సేసినాను" అని చతికిలబడిపోయింది.

"ఏడుపాపి రేపు ఇద్దరూ డాక్టరు దగ్గరికి ఎల్లండి. చెంచా కూడా పట్టుకెల్లండి. నాకు పాలు తెలుసు, మందు నాకు తెల్దు" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "పొద్దుటి మందు ఎవులు పోస్తన్నారే? ఐదింటికే ఇక్కడుంటావు గదా?" అన్నారు.

"నేనేనండి. వచ్చే ముందు పోసేసి వస్తున్నాను" అన్నాను.

అబద్ధం. నాలుగు పొద్దుల్లో రెండు పొద్దులు పొయ్యలేదు. చీకట్లో పిల్లని లేపితే ఏడుస్తుంది, ఇల్లంతా లేస్తుంది, పనికి ఆలస్యమైపోతుంది. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. అత్త ఏడుస్తూ తన తప్పు ఒప్పుకున్న చోటే నిలబడి నేను నా తప్పు మింగేశాను. ఎస్తేరమ్మ గారు నన్నోసారి చూసి, పుస్తకంలో అంకెలు రాసుకుంటూ అన్నారు.

"డాక్టరు కూడా నాలాటోడే. నువ్వు సెప్పిందే ఆయన రాస్తాడు. తప్పు లెక్క సెప్తే తప్పు మందు రాస్తాడు. అంతే."

మర్నాడు డాక్టరు గారు చెవి చూసి మొహం చిట్లించారు. "మందు పూటపూటా ఇస్తున్నారా?" అన్నారు. పెన్ను చీటీ మీద ఉంది. అది కదిలేలోపే చెప్పాలి. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర అబద్ధమాడకూడదని మా నాన్న అంటుండేవాడు. అత్త పక్కనే ఉంది. నేను అవునంటే నేరమంతా ఆవిడ అరచెంచా మీదికే పోతుంది. "లేదండి" అన్నాను. "రెండు పొద్దులు నేనే మానేశాను. పోసినప్పుడు కూడా తక్కువే పోశాం" అని చెంచా తీసి బల్ల మీద పెట్టాను. అత్త నా వైపు గుడ్లప్పగించి చూసింది.

ఆయన పెన్ను పక్కన పెట్టేశారు. "చెప్పి మంచి పని చేశావమ్మా. మందు పనిచెయ్యలేదనుకుని ఇంకా గట్టి మందుకి మార్చి, ఆస్పత్రిలో చేర్చుకుందామనుకున్నాను. అసలు మందు పడనే లేదు కదా, పనిచేసేదెక్కడ?" అన్నారు. అదే మందు మళ్ళీ మొదటి నుంచి పది రోజులు పొయ్యమన్నారు. తప్పిపోయినదానికి కలిపి రెండింతలు పొయ్యొద్దన్నారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు, రెండు రోజుల్లో తగ్గకపోతే మాత్రం వెంటనే రమ్మన్నారు. సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి, పిల్లని పడుకోబెట్టి ముక్కు నొక్కితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని, నిటారుగా కూర్చోబెట్టి బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పొయ్యాలని స్వయంగా చేసి చూపించారు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. మా ఊరు దాటి కోటబొమ్మాళి వెళ్ళే జనం తోసుకుంటున్నారు. అత్త చిట్టిని ఒళ్ళోకి లాక్కుని, "నువ్వు కూడా నాలాటిదానివేనేటే" అంది. ఇద్దరం నవ్వేశాం. పెళ్ళైన ఐదేళ్ళకి మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

ఆ పది రోజులూ మందుకి అత్తే అధికారి. సిరంజి పట్టుకుని కిటికీ దగ్గర వంగి, ఒక కన్ను మూసి గీత చూసేది. పొద్దున నాలుగున్నరకి నాకంటే ముందు లేచి పిల్లని లేపేది. రెండు రోజులకి జ్వరం దిగింది. ఐదో రోజున ఆడపడుచు వచ్చి, పిల్ల బాగానే ఉంది కదా, మిగిలిన మందు మా వాడికియ్యండి, దగ్గుతున్నాడు అంటే అత్త సీసా కొంగులో దాచేసింది. "ఇది సిట్టి మందు. నీ కొడుకుని డాక్టరుకి సూపించుకో. ఎల్లు" అని సొంత కూతురినే పంపేసింది!

పదకొండో రోజున డాక్టరు గారు చిట్టి వెనక నిలబడి గుసగుసగా పేరు పిలిచారు. చిట్టి గిరుక్కున తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్త ఆయన కాళ్ళ మీద పడబోతే ఆయనే కంగారుపడ్డారు.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ గారితో, "మీతో అబద్ధమాడానండి" అన్నాను.

"తెలుసులే. నువ్వు నేల సూసి సెప్పినావు."

"మరి అప్పుడే నిలదియ్యలేదేం?"

"నాకు సెప్తే గుంట చెవి నయమవుతాదా? ఎవులికి సెప్పాలో ఆలకే సెప్పినావు. ఇంకేటి, కేన్లు కడుగు."

ఆ మాట నాతోనే ఉండిపోయింది. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పడం. తర్వాత కేంద్రం నా చేతికొచ్చింది. అంకె తప్పు పడితే ఆ రైతు ఇంటికే వెళ్ళి చెప్పాను, తిట్లు తిన్నాను, దిద్దాను. కానీ ఒకరికి మాత్రం చెప్పలేదు. నేను మానేసిన ఆ రెండు పూటల మందూ ఎవరిదో, ఆ మనిషికి.

కిందటేడు ఎస్తేరమ్మ గారు పోయారు. సమాధి దగ్గర నుంచి ఇంటికి వస్తూ దారిలో చిట్టికి చెప్పేశాను. పదో తరగతి పిల్ల, నాకంటే పొడుగు. నీ చెవి పోయేదే, నా పని గొడవలో పడి మందు మానేశానే అని, సగం మాటలు నాలోనే గొణుక్కున్నాను. హైవే మీద లారీలు రొద చేస్తూ పోతున్నాయి. వినపడలేదేమోనని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

చిట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఇనపడిందమ్మా" అంది.