మడమదొర గెలుచుకున్న వల

మొన్న సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తుంటే ఎవరో పెద్ద కుండలో తుమ్మచెక్క ఉడకబెడుతున్నారు. కొత్త జనపనార వలకు రంగు పట్టించడానికి కాచే ఆ కషాయం వాసన వగరుగా, కాస్త తోలు వాసనలా, గొంతులోకి దిగి అక్కడే ఉండిపోతుంది. కుండ దగ్గర కూర్చున్న మనిషి తలెత్తి "ఏం కావాలండి?" అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి వచ్చిన దారినే వెనక్కి తిరిగాను.

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గోదావరి ఒడ్డున మా ఊరు. మాకు పొలాలు, పాలేళ్ళు, దొడ్లో ఇంటికన్నా ఎత్తయిన గడ్డిమేటు ఉండేవి. గట్టు దిగితే చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు, దాన్ని పల్లె అనేవాళ్ళం. వానలు పడి, ఎగువ కొండల మట్టి కలిసి నది ఎర్రబడగానే ఊరి వాసనే మారిపోయేది. తడిసిన గడ్డి, మా నాన్నమ్మ కుంపట్లో కాల్చే పనసగింజలు, మట్టిదాకలో ఒకరోజు ముందే కాచి ఊరనిచ్చిన పులస పులుసు, గుడిసెల ముందు ఉడుకుతున్న తుమ్మచెక్క, అన్నీ కలిసి ఒకే వాసనయ్యేది. ఆ ఎర్రనీళ్ళు ఉన్నన్నాళ్ళే పులస దొరికేది, అవే పల్లెవాళ్ళకు పండగరోజులు. కొత్త నీళ్ళలో వల వేసే ముందు దానికి పసుపు, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకునేవారు.

రాజమండ్రిలో ఇంగ్లీషు చదువుకుని వచ్చిన పంతులుగారొకాయన మా బడిలో గ్రీకు వీరుల కథలు చెప్పేవారు. ఒకడిని తల్లి మడమ పట్టుకుని మహిమగల నదిలో ముంచిందట, మడమ తప్ప ఇంకెక్కడా దెబ్బ తగలదట. వాడి పేరు మాకు నోరు తిరగక మడమదొర అనుకునేవాళ్ళం. వాడు శత్రువైన రాజకుమారుణ్ణి చంపి, కవచం ఒలుచుకుని, శవాన్ని రథానికి కట్టి ఈడ్చుకుపోయాడు. అక్కడిదాకా ఊపిరి బిగబట్టి విన్నాను. ఆ తరవాత ముసలి రాజు వచ్చి, తన కొడుకుని చంపిన చేతులనే ముద్దు పెట్టుకుని శవాన్ని అడిగాడనీ, మడమదొర ఆయన పక్కనే కూర్చుని ఏడ్చి ఇచ్చేశాడనీ చెప్పారు. "అంతదాకా వాడు బలవంతుడు. వీరుడయింది అప్పుడేరా" అన్నారు పంతులుగారు. వీరుడికి ఏడుపేమిటని నాకు విసుగనిపించింది.

ఈ కథలన్నీ గట్టు మీద కూర్చుని నూకరాజుకి చెప్పేవాణ్ణి. వాడు పల్లెలో సత్తెయ్య కొడుకు, నా ఈడువాడే. మిగిలిన పిల్లలు నాకు భయపడి ఆటలో ఓడిపోయేవారు. వాడొక్కడే నిజంగా ఆడేవాడు. వాడు తప్ప నాకు స్నేహితులు లేరు. మడమ సంగతి విని పకపకా నవ్వాడు.

"దెబ్బే తగలనోడు యుద్దానికెళ్తే అందులో గొప్పేముందండి? మా అయ్య ఈ వరదలో పడవేసుకెళ్తాడా, ఆయనకి ఒళ్ళంతా మడమేనండి!"

నాకు ఒళ్ళు మండింది. మండినా ముసలి రాజు ముక్క మాత్రం వాడికి చెప్పలేదు. రథంతోనే కథ అయిపోయిందన్నాను.

ఎర్రనీళ్ళు వచ్చిన కొత్తల్లో ఆఖరి యుద్ధం ఆడదామన్నాను. రాజకుమారుడికి కవచం కావాలి, మీ అయ్య విసురువల తెచ్చుకోమని బతిమాలాను. వాడు తటపటాయించి, "పొద్దుగూకేలోగా ఇచ్చెయ్యాలండి, అయ్య ఆనకట్ట కిందకెళ్ళాలి" అని మాట తీసుకుని మరీ తెచ్చాడు. అంచుకు ఇనప గుళ్ళున్న ఆ వల భుజాల మీంచి వేసుకుని నిలబడితే, ఆ గుళ్ళ చప్పుడుకి నిజంగా రాజకుమారుడిలాగే ఉన్నాడు. కథ ప్రకారం ఓడిపోయి కింద పడ్డాడు. కథ ప్రకారమే నేను వల ఒలుచుకున్నాను. ఇంతలో పడవ ఒడ్డుకి లాగాలని వాళ్ళమ్మ కేకేస్తే వాడు పరుగెత్తాడు.

నేనొక్కణ్ణే మిగిలాను. వలను తాడుకి కట్టి, గడ్డిమేటు చుట్టూ ఈడ్చుకుంటూ పరుగెత్తాను. కంచె కంపకి పట్టుకుంటే ఇంకా గట్టిగా లాగాను. ఆగి చూసేసరికి నడిమికి చిరిగి ఉంది. భయమేసి గడ్డిమేట్లోకి చెయ్యి పట్టినంత లోపలికి దోపేశాను. నూకరాజు వచ్చి అడిగితే, గెలిచింది నాదే అన్నాను.

"మాటిచ్చారు కదండీ."

"కథలో తిరిగివ్వడం లేదు" అన్నాను.

వాడు నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టేవేళ సత్తెయ్య వచ్చాడు. వాన పడుతుంటే మా అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక నూకరాజు, చెంప వాచి ఉంది.

"అబ్బాయిగారూ, మావోడు వలెక్కడో పారేసుకొచ్చాడండి. కొట్టినా నోరిప్పట్లేదు. తవరు గానీ సూసుంటే సెప్పండి బాబూ. నీళ్ళొచ్చేశాయండి."

ఆయన తల వంచుకునే మాట్లాడుతున్నాడు. ఆయన కళ్ళు నా పాదాల మీదే ఉన్నాయి. నా మడమలకి బురద, గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"ఏరా, చూశావా?" అన్నారు మా నాన్నగారు ఉయ్యాలబల్ల మీంచి.

"లేదండి."

"చూళ్ళేదంటున్నాడుగా సత్తెయ్యా. వెళ్ళు, వానలో తడుస్తున్నావు."

నూకరాజు అప్పుడైనా చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. తండ్రి వెనకే గట్టు దిగిపోయాడు.

ఆ ఎర్రనీళ్ళు ఉన్నన్నాళ్ళూ సత్తెయ్య ఇంకొకళ్ళ పడవలో తెడ్డు వేశాడు. నేను గట్టు మీద నిలబడి పిలిస్తే నూకరాజు తల తిప్పకుండా "పనుందండి" అనేవాడు. నేను కర్రకత్తి పట్టుకుని రెండు పక్షాలూ నేనే ఆడి చూశాను, కాని నన్ను చూసి నవ్వేవాడు లేకపోయాడు. వేసవికి మేటు తరిగాక, పాలేరు ఎలకలు కొట్టిన వలను బయటికి లాగి "ఇదెక్కడిదండీ?" అన్నాడు. గుళ్ళు దులుపుకుని మిగతాది తగలబెట్టాడు. పెరడంతా తుమ్మచెక్క వాసన. ఆ మరుసటి వరదకి ఒడ్డు కోసుకుపోయి గుడిసెలు లేచిపోయాయి. వాళ్ళు సముద్రం వైపు వెళ్ళారన్నారు. ఏ ఊరో నేను కనుక్కోలేదు, కనుక్కునే వయసు వచ్చాక కూడా.

ఇప్పుడు ఆ గడ్డిమేటు లేదు, పంతులుగారు లేరు, పల్లె ఉన్నచోట నడినది పారుతోంది. ఆ కథ నా పిల్లలకు చివరిదాకా చెప్పాను, ముసలి రాజు దగ్గర నేను కళ్ళు తుడుచుకుంటే వాళ్ళు నవ్వారు. వినవలసినవాడు వాళ్ళలో లేడు. నూకరాజు ఎక్కడున్నాడో గాని, మడమదొర కథలో తిరిగివ్వడం లేదనే ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు.