నా బిడ్డను నాకిచ్చుడేంది

మొన్న చుట్టాల పెళ్లికని మహబూబాబాద్ పోయి, తిరిగి జనగామ రైలెక్కే ముందు కాస్త సమయం చిక్కితే, నేను మొదటిసారి ఉద్యోగంలో చేరిన పిల్లల సంక్షేమ ఆఫీసు ఎలా ఉందో చూద్దామని ఆ వీధిలోకి నడిచాను. పెంకుల కప్పు పోయి అద్దాల తలుపులొచ్చాయి. అక్కడ నిలబడగానే ఆ మొదటి ఎండాకాలం మళ్లీ కళ్లముందుకొచ్చింది.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో కూలివాళ్లింటి ఆడపిల్లకు సర్కారు నౌకరీ వచ్చిందంటే వాడంతా పండగే. మా అవ్వ జనగామలో మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసేది. పసితనంలో నన్ను పనిచోటే చీర ఊయలలో పడుకోబెట్టేదట. కాస్త పెద్దయ్యాక సద్దిగిన్నె ముందు పెట్టి, తలుపుకు బయట గొళ్లెం వేసి పోయేది. ఆ గొళ్లెం మీద నాకేనాడూ కోపం రాలేదు. సాయంత్రం అవ్వ దాన్ని తీసే చప్పుడంత తీయని చప్పుడు నా చిన్నతనంలో మరొకటి లేదు.

నేను చేరిన కొత్తలోనే, నర్సింహులపేటలో బస్సులు ఆగే చోట ఏడుస్తూ తిరుగుతున్న ఐదారేళ్ల లంబాడి పాపను ఎవరో తెచ్చి మా ఆఫీసులో అప్పగించారు. తల్లి పాపను తన అత్త దగ్గర ఉంచి ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి పోయింది. ముసలామె జ్వరంతో మంచాన పడితే, పిల్ల అమ్మను వెతుక్కుంటూ తండా దాటి రోడ్డెక్కింది. జరిగింది ఇంతే. మా పెద్దసారు చెడ్డమనిషి కాదు, బాగా భూములున్న ఇంట్లో పుట్టి లంచం ముట్టని మనిషి. కానీ పాప చింపిరి జుట్టు, చిరిగిన గౌను చూడగానే ఆయన తీర్పు చెప్పేశారు: ఇది తల్లి వదిలేసిన పిల్ల, దూరాన ఉన్న అనాథాశ్రమానికి పంపేయాలి.

కబురంది తల్లి పరుగున వచ్చింది. మిర్చి ఘాటుకు చేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. పాప లోపలి నుంచి ‘యాడీ’ అని అమ్మను పిలుస్తూ ఉరికొచ్చి ఆమె కాళ్లకు చుట్టుకుంది. పెద్దసారు తలెత్తకుండానే, “గీళ్లకు కనుడే ఎరుక, సాదుడు ఎరుకలేదు” అన్నారు. గుమాస్తాలు నవ్వారు. ఆమె లంబాడి కలిసిన తెలుగులో ఏదో చెప్పబోతే ఆ మాటతీరుకు ఇంకాస్త నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఇంటిల్లిపాదీ నా జీతం మీదే ఆశ పెట్టుకున్నారని తెలిసి కూడా లేచి నిలబడ్డాను.

“సార్, గట్లయితే మా అవ్వ మీద గూడ కేసు రాయుండ్రి. నన్ను ఇంట్ల పెట్టి గొళ్లెమేసి కూలికి పోయేది. మీరు మీ బాబును హైదరాబాద్ హాస్టల్ల ఏసిండ్రు, పండుగకే ఇంటికొస్తడు. గదేమో చదువు, గిదేమో వదిలేసుడా?”

ఆయన ముఖం నల్లబడింది. నన్ను బయటికి పొమ్మన్నారు. తల్లీబిడ్డలు కలిసి గడప దాటేదాకా కదలనన్నాను. చివరికి విసుగ్గా, తీసుకుపొమ్మని చెయ్యి ఊపారు.

ఏదో గెలిచినదానిలా నేను ఆమె దగ్గరికి పోయి, నీ బిడ్డను నీకిచ్చారు, ఇక తీసుకుపో అన్నాను. ఆమె పాపను చంకనెత్తుకొని నన్ను ఎగాదిగా చూసింది.

“నా బిడ్డను నాకిచ్చుడేంది? మీరెవలు ఇయ్యనీకి?”

అంతే, గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, ఆ వెంటనే నవ్వొచ్చింది. నేను సారును అడిగినదానికంటే ఆమె నన్నడిగిందే పెద్ద ప్రశ్న.

నెల తిరక్కుండానే నన్ను భూపాలపల్లి అడవి ఊళ్లకు బదిలీ చేశారు. శిక్ష వేశామనుకున్నారు పాపం. మట్టిబాటల్లో సైకిల్ తొక్కుతూ గుడిసె గుడిసెకూ తిరిగాను, తల్లి పిల్లను విడిచి ఎందుకు పోయిందని కాక ఏ పనికి పోయిందని అడగడం అక్కడే నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా నోరు మూసుకున్నది లేదు, అందుకు ఈనాటికీ చింతా లేదు.

ఇప్పుడు అధికారుల మాటలు మెత్తబడ్డాయి. చూపులు మెత్తబడ్డాయో లేదో మా చెల్లెలి కోడలికి తెలుసు, అలాంటి ఆఫీసులోనే కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. కళ్లెదుట తప్పు జరుగుతున్నా పెదవి బిగబట్టుకొని కూర్చుంటానని మొన్న పెళ్లిలో నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆమె పిరికిదేం కాదు. ఎదురు మాట్లాడినందుకు నన్ను అడవికి పంపారు. ఆమెనైతే ఇంటికే పంపుతారు.