కలువ తొట్టిలో గ్రిల్ బొగ్గులు

పక్కింటివాళ్ళు గ్రిల్ వెలిగించారు. ఆ వాసన రాగానే కూర్చోలేక లేచి కిటికీలన్నీ మూసేశాను.

ఎనభైల్లో అమెరికాలో, ఇర్వింగ్ ఊరి అపార్ట్‌మెంట్లలో పెరిగిన మిత్రులారా, మీ అమ్మలూ ఇంటి వెనక పాటియోలో ప్లాస్టిక్ టబ్ పెట్టి కలువలు పెంచేవారా? మా అమ్మ పెంచింది. అందులో నా గోల్డ్‌ఫిష్ కూడా ఉండేది. ఎండలకి నీళ్ళు కంపు కొడుతుంటే, పుట్టింట్లో తాగునీటి కుండలో వేసినట్టే బొగ్గులు గుడ్డలో మూటగట్టి వేసింది. కాకపోతే అవి స్టోర్‌లో కొన్న గ్రిల్ బొగ్గులు. ఇట్టే అంటుకోవాలని వాటికి ముందే కిరసనాయిల్లాంటి నూనె పట్టిస్తారని ఆవిడకేం తెలుసు?

కాసేపటికి నీళ్ళమీద రంగురంగుల తెట్టు కట్టింది. చేప పైకొచ్చి నోరు తెరిచింది.

"మమ్మీ, ఫిష్ చచ్చిపోతుంది, డూ సంథింగ్!" అంటూ నేను లోపలికీ బయటికీ ఒకటే పరుగులు. అమ్మ దాన్ని చేత్తో పట్టి, మొక్కలకని బకెట్‌లో పట్టిపెట్టిన నీళ్ళలో వేసింది. చేప దక్కింది. కలువ మాత్రం వారం తిరక్కుండానే మొగ్గతో సహా కుళ్ళిపోయింది.

చేపని కాపాడిన రోజు సాయంత్రం నాన్న ఆ బొగ్గుల సంచీ తిప్పి చూశారు. "బ్యాగ్ మీద క్లియర్‌గా రాసుంది కదా, చదవలేదా?"

అమ్మ మసి చేతులు కొంగుకి తుడుచుకుంది. "బొగ్గుని కూడా చదివి కొనాలా ఈ దేశంలో?"

నేను పుట్టిందే ఇక్కడ. అయినా ఇప్పటికీ ఉప్పు ప్యాకెట్‌నైనా వెనక్కి తిప్పి చదవందే కార్ట్‌లో వెయ్యలేను.