పంటికి టోపీ

పోయిన వారం బెంగళూరులో పంటి డాక్టరమ్మ నా పంటికి తొడగబోయే క్యాపును ముందుగా నా అరచేతిలో పెట్టి, "చూసుకోండి ఆంటీ" అంది. మొక్కజొన్న గింజంత ఉంది. చూడగానే నవ్వు ఆగలేదు. మత్తు సూదికి నోరు సగం మొద్దుబారి ఉండటంతో ఆ నవ్వు ఎటో వంకరగా పోయి, పాపం ఆ పిల్ల కంగారుపడింది. దానికేం తెలుసు, ఒకప్పుడు ఉరవకొండలో అంతటి వస్తువు కోసమే మా వీధి వీధంతా నేలమీద మోకాళ్లూనిందని.

తొంభైల చివరి మాట. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. మా ఊరి దగ్గరి వజ్రకరూరు నేలల్లో వజ్రాలుండే రాయి ఎక్కడుందో చూడటానికి వేరే దేశం కంపెనీ ఒకటి వచ్చింది. అందులో పనిచేసే ఒకామెకు మా మిద్దెమీది గది అద్దెకిచ్చాం. ముప్పై ఏళ్లుంటాయేమో. ఏడాదిలో సగం మంచు పడే దేశం ఆమెది. రోజూ పొద్దున్నే జీపులో పోయి, సాయంత్రానికి సంచుల నిండా రాళ్లు తెచ్చి గదిలో పేర్చేది. వీధిలో అందరికీ ఆమె రాళ్లామె. ఆ బరువుకు మిద్దె కూలుతుందని మా అత్త దిగులు. ఆమెకు వచ్చిన మొదటి తెలుగు మాట "నీళ్లొచ్చినాయా?" రెండోది "కరెంటు పాయె!" మా ఊళ్లో కాపురానికి ఆ రెండూ చాలు. ఒక్క బకెట్టులో తలస్నానం ముగించడం, ఆ నీళ్లనే కరివేపాకు చెట్టుకు పారించడం మా అత్తే దగ్గరుండి నేర్పింది. కంపెనీవాళ్లు ఆమెకు బోలెడు జాగ్రత్తలు చెప్పి పంపారు. కాచిన నీళ్లే తాగాలి, బయటి తిండి తినకూడదు, పంటికి గానీ కడుపుకు గానీ ఏదైనా వస్తే నేరుగా బెంగళూరు పోవాలి. నీళ్ల సంగతి మా అత్త చూసుకుంది. తిండి విషయంలో, "మన ఇల్లు బయటెట్లయితాది?" అని, రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి మేడ మీదికి పంపేది. నన్ను చూసి ఆమె కూడా మా అత్తను "అత్తా" అనే పిలిచేది. వీధిలో ఆడవాళ్లు ఆ పిలుపు వినడానికే ఏదో పని కల్పించుకుని మా ఇంటికొచ్చేవాళ్లు.

ఆ ఏడు వాన మొహం చూడలేదు. శెనక్కాయ విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మా అత్త శెనక్కాయ ఉండలు చేసింది. పాకం కాస్త ముదిరింది. రాళ్లామె వాకిట్లో నిలబడి ఒకటి కొరికింది. టక్కుమని చప్పుడు. చేత్తో నోరు మూసుకుని కిందికి వంగింది. ముందు పంటికి వేసుకున్న క్యాపు ఊడి ఎగిరిపోయింది. లోపల అరగదీసిన పన్ను మొలక మాత్రం మిగిలింది. గాలి తగిలినా ప్రాణం పోయినట్టు జివ్వుమంటోందని ఏడుస్తూ నాతో ఇంగ్లీషులో చెప్పింది. ఏడుపు అందుకు మాత్రమే కాదు. మరుసటి పొద్దున వాళ్ల దేశం నుంచి పెద్ద అధికార్లు వస్తున్నారు. ఇక్కడ పని సాగించాలా మానాలా అన్నది ఆమె చెప్పేదాన్ని బట్టే తేలుతుంది. బెంగళూరు పోయి కొత్తది చేయించుకుని వచ్చే వ్యవధి లేదు.

మా అత్త మొహం పాలిపోయింది. "నా పాకం ఆ బిడ్డ పల్లు తీసిందే!" అని తల పట్టుకుంది. అది అసలు పన్ను కాదత్తా, దానిమీద వేసే క్యాపు అని చెప్పాను. "పంటికి టోపీనా?" అని ఒక్క క్షణం నోరు తెరిచింది. దొరికితే అనంతపురంలోనే మళ్లీ అతికించొచ్చని నేను అనడమే ఆలస్యం, కొంగు బిగించి నేలమీద కూర్చుంది. పక్కింటి పిన్నమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "ఏమ్మే, ఏం పడిపాయ?" అంది. "తెల్లంగా చిన్నది, మెరుస్తాంటాది" అంది అత్త. అంతే. రాళ్లామె వాకిట్లో తెల్లగా మెరిసేది పోయిందన్న మాట వీధి చివరికి చేరేసరికి వజ్రమైపోయింది. చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. వజ్రం కాదు పన్ను అని తెలిశాక తిరిగి పోతారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. "పల్లయితే మాత్రం? దొరకల్ల కదా!" అని వాకిలి పంచుకుని కూర్చున్నారు. ఏటేటా వానాకాలంలో చేలల్లో వజ్రాలు వెతికిన కళ్లు అవి. ఇంతకంటే సరదా పని వాళ్లకు ఇంకేముంటుంది!

అప్పుడు పడమట మబ్బు పట్టింది. మామూలు మబ్బు కాదు, నల్లటి మబ్బు. గాలి లేచింది. మట్టి వాసన ఎక్కడి నుంచో ముందే వచ్చేసింది. నెలల తరబడి ఎదురుచూసిన వాన, ఆ ఒక్క పూటే మాకు వద్దు! వాకిట్లో నీళ్లు పారితే క్యాపు మోరీలో కలిసిపోతుంది. మా అత్త లేచి నిలబడి, ఆకాశానికి చెయ్యెత్తి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు, "యప్పా, వస్తావులే. ఇన్నినాళ్లు రాకుండా ఉంటివి, ఇంకొంచేపు ఆగలేవా?" అని గదమాయించింది. తర్వాత ఏం తోచిందో, లోపలికి పోయి చేట తెచ్చింది. వాకిట్లో మన్నంతా చీపురుతో కుప్పచేసి, కొంచెం కొంచెంగా చేటకెత్తి చెరగడం మొదలుపెట్టింది. ఇంకో నలుగురు కూడా చేటలు తెచ్చుకున్నారు. దుమ్ము గాలికి పోతోంది, గులకరాళ్లు కిందికి దొర్లుతున్నాయి. మొదటి చినుకు నా మెడమీద చల్లగా పడింది. రెండో చినుకు, మూడో చినుకు. "ఈడుండాది! ఈడుండాది!" అని అత్త పెట్టిన కేక వీధి చివరి హోటలు దాకా వినిపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పైకెత్తి చూపించింది. రాళ్లామె అత్తను అమాంతం కావలించుకుంది. వాన దబదబా దిగింది. ఎవరూ లోపలికి పోలేదు. ముసలీ ముతకా అంతా ఆ వాకిట్లో తడుస్తూ ఎగిరారు. వాన వచ్చినందుకో, పన్ను దొరికినందుకో ఎవరికీ తెలీదు.

తడిబట్టలు మార్చుకుని కంపెనీ జీపులో బయలుదేరాం. క్యాపు అత్త కొంగుముడిలో ఉంది, ఎవరడిగినా ఇవ్వలేదు. అనంతపురం దారిపొడుగునా చేలల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి. టవర్ క్లాక్ దగ్గర మేడమీద కుర్ర పంటి డాక్టరు దుకాణం మూయబోతున్నాడు. విషయం విని ఆయనకీ హుషారొచ్చింది. మన్ను కడిగి, శుభ్రం చేసి, పంటిమీద పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చెయ్యి చాచింది. సూదిమందంటేనే వీధి దాటి పారిపోయే మా అత్త, మిషను చప్పుడుకు కళ్లు గట్టిగా మూసుకుని, ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. "అమ్మా నాయనా దగ్గర లేని బిడ్డ. గట్టిగా అతికించు సామీ" అంది. పనయ్యాక డాక్టరు, గట్టివి కొరకొద్దని చెప్పాడు. "కొరకదు. ఇంగ మీద పాకం లేతగా తీస్తా" అని అత్త మాటిచ్చింది.

మర్నాడు ఆమె అధికార్ల ముందు బాగా మాట్లాడింది. పని ఇంకో ఏడాది సాగింది. తర్వాత రాళ్ల సంచులు లారీకెక్కాయి, ఆమె వెళ్లిపోయింది. జీపు కదిలేటప్పుడు అత్త బయటికి రాలేదు. వంటింట్లో పని ఉందంది. ఆ సాయంత్రం దీపం పెడుతూ, "ఆమె ఊర్లో ఇప్పుడు పొద్దు పుట్టిందా, గూకిందా?" అని నన్నడిగింది. నేను వేళ్లమీద లెక్కకట్టి చెప్పాను. అప్పటినుంచి రోజూ దీపం పెట్టే వేళకు అదే ప్రశ్న, నాదీ అదే జవాబు. కొన్నాళ్లకు అడగటం మానేసింది. ఎప్పుడు మానేసిందో అత్తకూ గుర్తులేదు, నాకూ లేదు. కాలం మనుషుల్ని తెచ్చేటప్పుడు వీధంతా కూడేలా తెస్తుంది, తీసుకుపోయేది మాత్రం ఇట్లా, ఎవరూ చూడని ఏదో ఒక సాయంత్రం.